మెట్లు లెక్కపెట్టుకుని ఎంచుకున్న బస

2025 సెప్టెంబరు 7 నుంచి 14 వరకు మా కుటుంబం గ్రీసు దేశపు నాక్సోస్ ద్వీపంలో గడిపింది. నేను, మా వారు, ఆరేళ్ళ మా పాప, రాజమండ్రి నుంచి రెండు నెలల కోసం మా దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు, వెరసి ఐదుగురం. మేము మ్యూనిక్‌లో ఉంటాము. విమానం టిక్కెట్లు ఒక సాయంత్రం కూర్చుని కొనేశాము కాని, ఆ ఏడు రాత్రులు ఎక్కడ ఉండాలో తేల్చుకోవడానికి నాకు దాదాపు ఆరు వారాలు పట్టింది. ఐరోపాలో ఉంటూ పెద్దవాళ్ళను గ్రీకు ద్వీపాలకు తీసుకువెళ్ళాలనుకునే మనవాళ్ళు చాలామంది ఇదే పని చేయవలసి ఉంటుంది కనుక, నేను ఏ వరుసలో ఆలోచించానో, ఎక్కడ పొరబడ్డానో వివరంగా రాస్తున్నాను.

ముందుగా మా అవసరాలు చెప్పాలి. అమ్మకు అరవై ఎనిమిదేళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. చదునైన నేల మీద నిదానంగా గంటసేపు నడవగలదు కాని, పది మెట్లు దిగాలంటే గోడ ఆసరా కావాలి. నాన్నకు మధుమేహం, వేళకు అన్నం పడాలి. ఇద్దరూ గుడ్డు కూడా ముట్టని శాకాహారులు. పాపకు సముద్రం తప్ప మరేదీ అక్కరలేదు, ఈత ఇంకా సరిగ్గా రాదు. వెతకడం మొదలుపెట్టిన రోజున ఇవన్నీ నాకు తెలిసిన సంగతులే అయినా, తెలియని మనిషిలా నేను నేరుగా సాంటోరిని అనే మరో గ్రీకు ద్వీపం ఫొటోల దగ్గరికి వెళ్ళాను.

తెల్లని గోడలు, గుండ్రటి పైకప్పులు, కింద నీలి సముద్రం ఉన్న ఆ ఫొటోలు చూసి, మే నెలలో ఫిరోస్తెఫానీ అనే ఊళ్ళో కొండచరియలోకి తవ్వి కట్టిన ఒక ఇంటిని రాత్రికి 340 యూరోల చొప్పున ఖాయం చేశాను. అదృష్టవశాత్తు, గడువులోగా రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి ఇచ్చే షరతు మీదనే చేశాను. ఆ తర్వాత వారం రోజులకు కాని ఆ నేల ఎలాంటిదో నేను చదవలేదు. సుమారు 3,600 ఏళ్ళ క్రితం బద్దలైన అగ్నిపర్వతం నడిభాగం కూలి సముద్రంలో కలిసిపోగా మిగిలిన అంచే నేటి సాంటోరిని. ఫిరా, ఫిరోస్తెఫానీ, ఇమెరోవిగ్లీ, ఒయా అనే ఊళ్ళు ఆ అంచు మీద, దాదాపు మూడు వందల మీటర్ల ఎత్తు గోడ లాంటి చరియకు అతుక్కుని ఉంటాయి. మెత్తని అగ్నిపర్వత బూడిద పొరల్లోకి తొలిచిన ఆ ఇళ్ళను యిపోస్కాఫా అంటారు, తవ్వి చేసినవి అని అర్థం. అక్కడ ఒక ఇంటి పైకప్పు మరొక ఇంటికి వాకిలి. దారులు ఉండేదే మెట్ల రూపంలో, కాబట్టి మెట్లు లేని ఇల్లు వెతకడమంటే ఆ చరియనే వద్దనుకోవడం.

ఇంటి యజమానికి నేను ఒకే ఒక ప్రశ్న రాశాను: కారు ఆగే చోటు నుంచి గది గుమ్మం దాకా ఎన్ని మెట్లు? ఆయన అదే రోజు జవాబిచ్చాడు. తొంభై నాలుగు మెట్లట, అన్నీ దిగుడు మెట్లట, వాటిలో సగానికి పైగా చేతిపట్టు లేదట, సామాను మోయడానికి మనిషిని పంపిస్తాడట. అమ్మను మోసేందుకు మనిషిని అడగలేను కదా. ఆ నిజాయితీకి ధన్యవాదాలు చెప్పి బుకింగ్ రద్దు చేశాను. అడగకపోతే ఆయనా చెప్పేవాడు కాదు, ఎందుకంటే ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళకు తొంభై నాలుగు మెట్లు లెక్కలోకి వచ్చే సంగతి కాదు.

సాంటోరినిలోనే తూర్పు తీరాన ఉన్న కమారి, పెరిస్సా ఊళ్ళు చదునుగా ఉంటాయి, ధరలు కూడా చరియ మీద కంటే బాగా తక్కువ. రెండు మూడు రోజులు వాటిని కూడా చూశాను. అయితే అక్కడి నల్లని తీరం ఎండకు కాలుతుంది, సముద్రం కొద్ది అడుగుల్లోనే లోతెక్కుతుంది. ఈత రాని పిల్లకు అది తగదనిపించింది. దీనికి తోడు 2025 జనవరి చివర మొదలై ఫిబ్రవరి అంతా సాంటోరినికి, అమోర్గోస్ అనే మరో ద్వీపానికి మధ్య సముద్రంలో వేలకొద్దీ భూప్రకంపనలు వచ్చాయి, వేలమంది ద్వీపం వదిలి వెళ్ళారు. మేము వెళ్ళే నాటికి అంతా సద్దుమణిగింది, నా నిర్ణయానికి అది ముఖ్య కారణం కాదు. కాని నాన్న వార్తాపత్రికలో చదివిన సంగతి మరచిపోయే మనిషి కారు. 1956 జూలై 9న వచ్చిన పెద్ద భూకంపంలో ఆ ద్వీపంలో ఎన్నో ఇళ్ళు కూలిన సంగతి కూడా ఆయనే వెతికి నాకు ఫోనులో చెప్పారు. సెలవుకు వెళ్ళిన చోట పెద్దాయనకు రాత్రి నిద్ర పట్టాలి కదా.

అప్పుడు నాక్సోస్ వైపు చూశాను. ఈ ద్వీపాలన్నీ చేరే సైక్లేడ్స్ అనే ద్వీపాల గుంపులో అదే పెద్దది, సుమారు 430 చదరపు కిలోమీటర్లు. పర్యాటకుల మీదనే బతికే ద్వీపం కాదు. అక్కడి బంగాళాదుంపకు, గ్రవియేరా అనే జున్నుకు గ్రీసు అంతటా పేరుంది. కూరగాయలు పండే చోట శాకాహారికి తిండి దొరుకుతుందని నా నమ్మకం, అది వమ్ము కాలేదు. పడమటి తీరంలో కిలోమీటర్ల పొడవున లేత రంగు ఇసుక ఉంది. ఏథెన్స్ విమానాశ్రయం నుంచి పిరేయస్ రేవుకు 2022 నుంచి మెట్రో నేరుగా వెళుతోంది. అక్కడి నుంచి పెద్ద ఓడలో నాక్సోస్‌కు సుమారు ఐదున్నర గంటలు. వేగంగా వెళ్ళే చిన్న ఓడలు కూడా ఉన్నాయి కాని, గాలి లేచినప్పుడు అవి ఎక్కువ ఊగుతాయి, ముందుగా ఆపివేసేదీ వాటినే. అమ్మ కోసం పెద్ద ఓడే ఖాయం చేసి, ముందు రాత్రి పిరేయస్‌లో ఆగేలా ఏర్పాటు చేసుకున్నాము.

ద్వీపం తేలింది కాని, అసలు పని అక్కడే మొదలైంది. నాక్సోస్‌లో బస అంటే నా ముందు నాలుగు దారులు కనిపించాయి. ఒకటి, రేవును ఆనుకుని ఉన్న ముఖ్యపట్టణం హోరా. దాని నడినెత్తిన 1207లో వచ్చిన వెనిస్ వీరుడు మార్కో సనూదో కాలం నాటి కోట, దాని చుట్టూ బూర్గోస్ అనే పాత పేట. కమానుల కింద నుంచి మలుపులు తిరిగే ఆ సందుల్లో పాత ఇళ్ళను గదులుగా మార్చి అద్దెకు ఇస్తున్నారు. చూడడానికి ఎంత ముచ్చటగా ఉన్నా, అక్కడికి బండి పోదు, రాతిపరుపు మీద చక్రాల పెట్టె సాగదు, మళ్ళీ మెట్లే. రెండోది, ఊరికి ఐదారు కిలోమీటర్ల దూరంలో ఉన్న అయియోస్ ప్రొకోపియోస్, దాని పక్కనే అయియా అన్నా. తీరం అద్భుతం, వేసవిలో బస్సులు తరచుగా ఉంటాయి. కాని అయియోస్ ప్రొకోపియోస్ దగ్గర నీళ్ళు కాస్త త్వరగా లోతెక్కుతాయని అక్కడికి వెళ్ళివచ్చిన తల్లులు చాలామంది రాశారు. మూడోది, ఇంకా దక్షిణాన నాలుగు కిలోమీటర్ల పొడవున పరచుకున్న ప్లాకా. ప్రశాంతంగా ఉంటుంది కాని కారు లేకపోతే కొత్తిమీర కట్టకు కూడా బస్సు ఎక్కాలి. నాలుగోది, కొండల మీది పల్లెలు. పాలరాయి పరచిన వీధులున్న అపెరాంథోస్ మీద మా వారు మనసు పడ్డారు. సముద్రం కోసం రోజూ మలుపుల దారిలో ముప్పావు గంట ప్రయాణం, పాపకు కడుపులో తిప్పడం తలచుకుని ఆయనే వెనక్కి తగ్గారు.

ఐదో దారిని నేను చాలా ఆలస్యంగా గమనించాను. హోరాకు దక్షిణపు అంచున అయియోస్ యోర్గియోస్ అనే తీరం ఉంది. ఫొటోల్లో అది మిగతా తీరాలంత అందంగా కనిపించదు, వెనుక వరుసగా గదులు, హోటళ్ళు ఉంటాయి. కాని నీళ్ళు చాలా దూరం దాకా మోకాలి లోతులోనే ఉంటాయి, రేవు నుంచి పావుగంట నడక, దారి చాలావరకు చదును, మందుల దుకాణం, కూరగాయల అంగడి, రేవు ముందరి బస్సుల నిలయం అన్నీ కాలినడకన అందుతాయి. పటంలో వీధివీధినీ దగ్గరగా చూసి, నేల వాలు ఎటు ఉందో ఫొటోల్లోని గుమ్మాలను బట్టి అంచనా వేసుకుని, ఇదే మాకు తగిన చోటని తేల్చుకున్నాను.

ఆ తర్వాత ఇల్లు. ప్రకటనల భాష చదవడం ఒక విద్య అని అప్పుడే తెలిసింది. "సంప్రదాయ గృహం" అన్నారంటే మేడ మీదికి నిటారు మెట్లు ఉండే అవకాశం ఎక్కువ. "సముద్ర దృశ్యం" అన్నది బాల్కనీ మూలన నిలబడి మెడ సాచితే కనిపించే ముక్క కావచ్చు. "తీరానికి ఐదు నిమిషాలు" అన్నప్పుడు నడకా, కారా అని అడగాలి. అన్నిటికంటే నాకు ఉపయోగపడింది, బస చేసినవాళ్ళు రాసిన అభిప్రాయాల్లో ఒక్క మాట కోసం వెతకడం. గ్రీకులో మెట్లను స్కాలియా అంటారు. ఆ మాటను గ్రీకు లిపిలో నకలు చేసుకుని ప్రతి ఇంటి అభిప్రాయాల్లోనూ వెతికాను. గ్రీకు కుటుంబాలు అవ్వలను, తాతలను వెంటపెట్టుకుని తిరుగుతాయి కాబట్టి మెట్ల సంగతి వాళ్ళు తప్పకుండా రాస్తారు.

చివరికి మిగిలిన నాలుగు ఇళ్ళ యజమానులకు ఒకే ఉత్తరం పంపాను. గుమ్మం దాకా ఎన్ని మెట్లు, స్నానాల గదిలో గడప ఎత్తు ఎంత, చేతితో పట్టుకునే షవర్ గొట్టం ఉందా, పొయ్యి ఎన్ని మంటలది, దాని ఫొటో పంపగలరా, పడకగది కిటికీ వీధి వైపా పెరటి వైపా, రేవుకు ఎవరైనా వస్తారా అని అడిగాను. ఒకరు జవాబే ఇవ్వలేదు. ఒకరు "అన్నీ సౌకర్యంగా ఉంటాయి" అని ఒక్క వాక్యం రాశారు, ఆ ఇల్లు వదిలేశాను. మూడో ఇల్లు బాగానే ఉంది కాని రెండో అంతస్తు. నాలుగో ఇంటావిడ పొయ్యి ఫొటోతో పాటు, నేల మీద కొలత టేపు పెట్టి స్నానాల గది గడప ఫొటో కూడా పంపింది. కింది అంతస్తు, మూడే మెట్లు, రెండు పడకగదులు, రెండు మంటల కరెంటు పొయ్యి, రాత్రికి 95 యూరోలు. అరగంటలో ఖాయం చేశాను.

డబ్బు విషయంలో ఒక వివరం ముందే తెలిస్తే మంచిది. గ్రీసులో హోటళ్ళకు నక్షత్రాలు ఇచ్చినట్టే, అద్దె గదులకు తాళంచెవుల గుర్తులు ఇస్తారు. స్వల్పకాలం అద్దెకిచ్చే ఇళ్ళకు రిజిస్ట్రీ నంబరు ఉండాలి, అది ప్రకటనలో కనిపించాలి. నంబరు లేని ఇంటిని నేను చూడనే లేదు. బస ధరకు అదనంగా, వాతావరణ మార్పుల వల్ల కలిగే నష్టాలను ఎదుర్కొనేందుకని ప్రభుత్వం రోజువారీ రుసుము వసూలు చేస్తుంది. 2025లో ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా అది గదికి, రాత్రికి మూడు నక్షత్రాల హోటల్లో 5 యూరోలు, నాలుగు నక్షత్రాలైతే 10, ఐదైతే 15. స్వల్పకాలపు అద్దె ఫ్లాట్లకు 8. మాది తాళంచెవుల గుర్తున్న అద్దె గదుల కోవలోకి వచ్చింది కాబట్టి 2 యూరోలే పడింది. బుకింగ్‌లో చూపే మొత్తంలో ఇది చాలాచోట్ల కలిసి ఉండదు, అక్కడికి వెళ్ళాక కట్టాలి.

ఈత కొలను ఉన్న బసలను నేను కావాలనే పక్కన పెట్టాను. 2024లో వానలు లేక నాక్సోస్ జలాశయాలు అడుగంటాయి, బంగాళాదుంప రైతులు బాగా దెబ్బతిన్నారు, సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే యంత్రాలు తెప్పించవలసి వచ్చింది. గోదావరి ఒడ్డున పెరిగినదాన్ని కనుక నీటి ఎద్దడి నాకు అనుభవం లేని సంగతి. అయినా ఎదురుగా సముద్రం పెట్టుకుని, పొలానికి నీళ్ళు లేని ఊళ్ళో మా కోసం కొలను నింపమనడానికి మనసు ఒప్పలేదు.

ఓడ దిగేసరికి మధ్యాహ్నం దాటింది. రేవులోకి వస్తుండగానే, క్రీస్తు పూర్వం ఆరో శతాబ్దంలో మొదలుపెట్టి పూర్తిచేయని గుడి పాలరాతి ద్వారబంధం, పోర్తారా, ఆకాశానికి తలుపు తీసినట్టు కనిపించింది. ఇంటావిడ భర్త చిన్న వ్యాన్‌తో వచ్చాడు. మూడు మెట్లు మూడే ఉన్నాయి. అమ్మ పెట్టెలోంచి చిన్న కుక్కరు, మూడు కిలోల సోనా మసూరి, కందిపప్పు, చింతపండు తీసి గంటలో చారన్నం పెట్టింది. తర్వాతి రోజుల్లో మధ్యాహ్నాలు ఇంట్లో వండుకుని, సాయంత్రాలు వీధి చివరి భోజనశాలకు వెళ్ళేవాళ్ళము. అక్కడ ఫావా అనే వంటకాన్ని నాన్న మొదటి ముద్దలోనే గుర్తుపట్టారు. "ఇది మన ముద్దపప్పే అమ్మా, నెయ్యికి బదులు ఆలివ్ నూనె పోశారు, ఉల్లిపాయ కలిపారు" అన్నారు. గ్రీకు పెరుగు మరీ చిక్కన కావడంతో సగం నీళ్ళు పోసి మజ్జిగ చేసుకున్నారు. అక్కడి బంగాళాదుంపలతో అమ్మ చేసిన వేపుడు పాపకు ఇప్పటికీ గుర్తే.

నేను పొరబడిన చోటు ఒకటుంది. రెండు పడకగదుల్లో ఏది వీధి వైపు ఉందో ఉత్తరంలో తెలుసుకుని కూడా, కిటికీ పెద్దదని ఆ గదినే అమ్మానాన్నలకు ఇచ్చాను. మొదటి రెండు రాత్రులు ఒంటిగంట దాకా స్కూటర్ల మోతకు వాళ్ళకు కంటిమీద కునుకు లేదు. అమ్మ ఆ మాట నాతో చెప్పలేదు, పాపతో అంటుంటే విన్నాను. మూడో రోజు గదులు మార్చుకున్నాము. పెరటి వైపు గదిలో గాలి తక్కువైనా నిశ్శబ్దంగా ఉంది. అలాగే, స్నానాల గదుల్లో టాయిలెట్ కాగితాన్ని మురుగు గొట్టాల్లో వేయకూడదని, పక్కనున్న బుట్టలో వేయాలని పాపకు ముందుగా చెప్పి ఉండవలసింది. గొట్టాలు సన్నగా ఉండడం వల్ల ఆ దేశంలో దాదాపు అంతటా ఇదే పద్ధతి.

మిగతా చోట్లకు కూడా ఒక్కొక్క పూట వెళ్ళాము కాబట్టి, నా ఎంపికను నేల మీద సరిచూసుకునే వీలు దొరికింది. అపెరాంథోస్ నిజంగా అందమైన ఊరు. అమ్మ ఊరి మొదట్లో చెట్టు కింద కూర్చుని మేము తిరిగివచ్చేదాకా ఒక ముసలావిడతో చేతుల సైగలతో మాట్లాడింది, అంతకు మించి పైకి ఎక్కలేకపోయింది. ప్లాకాకు వెళ్ళిన రోజున ఉత్తరపు గాలి ఇసుకను కాళ్ళకు సూదుల్లా విసిరింది. జూలై, ఆగస్టుల్లో ఉధృతంగా వీచే ఈ మెల్తెమీ గాలి సెప్టెంబరులో తగ్గుతుంది కాని పూర్తిగా పోదు. అదే సాయంత్రం అయియోస్ యోర్గియోస్ తీరపు ఉత్తర కొసన, ఊరు చాటున, నీళ్ళు చెరువులా నిలకడగా ఉన్నాయి. ఆ తీరానికే దక్షిణ కొసన మాత్రం తెరచాప కట్టిన పలకల మీద విండ్‌సర్ఫింగ్ ఆడేవాళ్ళు ఎగిరెగిరి పడుతున్నారు. ఒకే తీరంలో ఒక కొస నుంచి మరో కొసకు నడిస్తే కనిపించే ఈ తేడా ఏ ప్రకటనలోనూ కనిపించలేదు. హోరా కోటకు నేనూ నాన్నా తెల్లవారుజామున వెళ్ళివచ్చాము. ఆ సందుల్లోని ఇళ్ళ గుమ్మాల ముందు పెద్ద పెట్టెలు పట్టుకుని మెట్లు ఎక్కుతున్న జంటలు కనిపించారు, వాళ్ళు పాతికేళ్ళవాళ్ళు, వాళ్ళకు అదే తగిన బస.

సెప్టెంబరు 14 ఆదివారం మా తిరుగు ప్రయాణం. ఆ రోజు గ్రీకు క్రైస్తవులకు పవిత్ర శిలువ పండుగ, గుళ్ళో తులసి జాతి కొమ్మలు పంచుతారు. ఇంటావిడ గుడి నుంచి వస్తూ ఒక కొమ్మ అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ వాసన చూసి కళ్ళకద్దుకుంది. సామాను సర్దుకున్నాక కబురు వచ్చింది, గాలి వల్ల ఓడ ఆలస్యమని. గాలి బోఫోర్ట్ కొలతలో ఎనిమిదికి చేరితే రేవు అధికారులు సాధారణంగా ఓడలను ఆపేస్తారు. ఆ రోజు అంత దూరం పోలేదు కాని, మూడు గంటలు వేచి ఉండక తప్పలేదు. రేవుకు దగ్గరలో బస కావడం వల్ల మేము ఎండలో పెట్టెల మీద కూర్చోవలసిన పని లేకపోయింది. ఆ గదికి ఆ రాత్రి ఎవరూ రావడం లేదని ఇంటావిడ తాళాలు మా దగ్గరే ఉంచమంది. అమ్మ మిగిలిన బియ్యం వండి, పెరుగన్నం కలిపి డబ్బాల్లో సర్దింది. సాయంత్రం ఓడ పోర్తారా వెనుక నుంచి తిరిగి రేవులోకి వస్తున్నదని బాల్కనీలోంచి పాప అరిచాక, తాళాలు పూలకుండీ కింద పెట్టి, ఐదుగురం నడుచుకుంటూ బయలుదేరాము.